బ్రాడీపేట పెరట్లో సంక్రాంతి దుంపలు

గుంటూరు అనగానే అందరికీ మిరప, పొగాకు, పత్తి గుర్తుకు వస్తాయి గాని బంగాళాదుంప ఎవరికీ గుర్తుకు రాదు. అది మా నేల పంట కాదు. మా చిన్నతనంలో ఊళ్ళోకి వచ్చే దుంపలు ఎక్కువగా ఆగ్రా వైపు నుంచి గోతాల్లో దిగేవి, ఇప్పటికీ చాలావరకు అలాగే దిగుతున్నాయి. అయినా బ్రాడీపేటలోని మా ఉమ్మడి ఇంటి పెరట్లో, బావికీ తూర్పు ప్రహరీకీ నడుమ ఉన్న చిన్న మడిలో, ఏటా సంక్రాంతికి కొత్త బంగాళాదుంపలు తవ్వేవాళ్ళం. ఆ మడి మా పెదనాన్నగారిది. రైల్వేలో ఉద్యోగం చేసి విరమించిన ఆయనకు పూలమొక్కల మీద పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. పెరడంటే కూరగాయలే అనేవారు, కూరగాయల్లోనూ బజారులో ఎంత వెతికినా దొరకనిదే పెంచాలనేవారు. లేత బంగాళాదుంప అలాంటిది. బొటనవేలితో రుద్దితే ఊడి వచ్చే పొట్టు గల దుంపను గోతాల్లో వేసి వెయ్యిమైళ్ళు పంపలేరు, కొట్టు అరుగు మీద వారం రోజులు నిలవ ఉంచలేరు. దాని రుచి తెలియాలంటే మన పెరట్లో మనమే పండించుకోవాలి.

బంగాళాదుంప మొక్క ఎక్కడైనా ఆకు వేస్తుంది. దుంప ఊరాలంటే మాత్రం దానికి చల్లని రాత్రులు కావాలి. రాత్రిపూట 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దుంప చక్కగా ఊరుతుంది, 20 దాటినకొద్దీ మందగిస్తుంది, 25 దగ్గరకు వెళితే మొక్క తన బలమంతా ఆకుల మీదే పెట్టి దుంప వేయడం దాదాపు మానేస్తుంది. గుంటూరులో అటువంటి రాత్రులు డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప ఉండవు. శివరాత్రి రాకముందే చలి పలచబడుతుంది, ఆ తరువాత ఎండలు ఎలా ఉంటాయో గుంటూరు వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఉత్తరాది రైతులా మూడు మూడున్నర నెలలు పంటను నేలలో నిలిపి, పొట్టు ముదిరాక తవ్వుకునే వీలు మాకు లేదు. అందువల్ల 65 నుంచి 75 రోజుల లోపల, లేతగా ఉండగానే తీసుకోవాలి. చాలామంది దీన్ని మా ప్రాంతానికి లోపంగా చూస్తారు. నా దృష్టిలో అదే మాకు కలిసివచ్చిన విషయం, ఎందుకంటే ఆ తొందరే మా చేతికి లేతదుంపను అందించింది. ఉన్న ఆ కొద్దిపాటి చలిలో ఒక్క రాత్రిని కూడా వృథాగా పోనివ్వకుండా మొక్కను సిద్ధం చేసి ఉంచడంలోనే పెదనాన్న నేర్పంతా ఉండేది.

విత్తనం పని దసరాకు మొదలయ్యేది. ఆయన పట్నంబజారుకు సంచి తీసుకుని వెళ్ళి, తళతళలాడే దుంపలను పక్కకు నెట్టి, కాస్త మెత్తబడి, పొట్టు ముడత పడి, కళ్ళ దగ్గర చిన్న చిన్న బుడిపెలు కనిపించే దుంపలను ఏరుకునేవారు. అడుగున మిగిలిన సరుకును ఈయన ఎందుకు కోరి కొంటున్నాడో కొట్టువాడికి అంతుపట్టేది కాదు. ఆ ఎంపికకు కారణం ఉంది. తవ్వి తీసిన దుంప వెంటనే మొలకెత్తదు, రకాన్ని బట్టి ఆరు నుంచి పది వారాల దాకా నిద్రపోతుంది. ఆ రోజుల్లో కర్ణాటక వైపు నుంచి వచ్చే కొత్త దుంపను పాతితే అది మట్టిలో అలాగే పడి ఉంటుంది, అది మేలుకునేసరికి మా చలికాలం సగం గడిచిపోతుంది. ఉత్తరాదిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వి శీతల గిడ్డంగుల్లో దాచిన దుంప మాత్రం అప్పటికి నిద్ర తీరి, బయటి వేడి తగలగానే మొలక అందుకుంటుంది. మాకు కావలసింది ఆ పాతదుంపే.

ఇంటికి తెచ్చిన దుంపలను వెదురు తట్టలో ఒకే వరుసగా, కళ్ళు పైకి ఉండేలా పేర్చి, వసారాలో ఎండ పొడ తగలకుండా వెలుతురు మాత్రం తగిలే చోట పెట్టేవారు. ఆ తట్ట దగ్గర కూర్చుని మొలకలు చూడడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. గోతంలో చీకటిలో మొలిచిన దుంపకు తెల్లగా, పొడుగ్గా, ముట్టుకుంటే పుటుక్కున విరిగే మొలకలు వస్తాయి. వెలుతురులో మొలిచినవి అలా ఉండవు. అవి అంగుళం కూడా దాటకుండా, అడుగున ఊదారంగుతో, కొసన ముదురు ఆకుపచ్చతో, ఒళ్ళంతా సన్నని నూగుతో గట్టిగా నిలబడతాయి. మొలక మొదలు చుట్టూ తెల్లని చుక్కలు కనిపిస్తాయి. మట్టి తగిలిన మరుక్షణం వేళ్ళుగా సాగడానికి అవి తయారుగా ఉంటాయి. ఇలా మొలక కట్టిన దుంప నాటితే, మొలక లేని దుంప కన్నా వారం పది రోజులు ముందుగా నేల పైకి వస్తుంది. రెండు నెలల చలిలో వారం పది రోజులంటే తక్కువేమీ కాదు.

మా గుంటూరు నల్లరేగడి మిరపకూ పత్తికీ బంగారమే గాని, బంగాళాదుంపకు పనికిరాదు. తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఆరితే బిగుసుకుని బీటలు తీస్తుంది. ఆ బిగువులో దుంప ఊరలేక వంకరలు తిరుగుతుంది. అందుకని పెదనాన్న ఆ మడి మట్టిని ఏళ్ళ తరబడి మార్చుకుంటూ వచ్చారు. ఇంటి మరమ్మతులకు కృష్ణ ఇసుక తోలించినప్పుడల్లా నాలుగు తట్టలు మడిలో పడేవి. బాగా మాగిన పశువుల ఎరువు, రాలిన వేపాకు, జామాకు కుళ్ళబెట్టిన ఆకు ఎరువు, కొంచెం వేపపిండి కలిసేవి. పచ్చి పేడ మాత్రం దగ్గరకు రానిచ్చేవారు కాదు, పచ్చి ఎరువు తగిలితే దుంప పొట్టు మీద గజ్జిలా మచ్చలు లేస్తాయని ఆయనకు గట్టి నమ్మకం. వానలు వెనుకబట్టాక మడిని గునపంతో మూరెడు లోతు తిరగవేసి, గడ్డలు చేత్తో చిదిపి, నాలుగు రోజులు ఎండనిచ్చి మళ్ళీ తిరగవేసేవారు. పిడికిట్లోకి తీసుకుని నొక్కి వదిలితే విడిపోయేంత గుల్ల అయ్యేదాకా ఆ మట్టిని వదిలిపెట్టేవారు కాదు.

నాటడం నాగుల చవితి మరునాడు. చవితి నాడు మా ఇంట్లో మట్టి తవ్వేవారు కాదు, కత్తిపీట ముట్టేవారు కాదు. ఉదయమే పుట్టకు పాలు పోసి వచ్చి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టడంతో ఆ రోజు గడిచిపోయేది. తెల్లవారి పంచమి నాడు మడిలోకి దిగేవాళ్ళం. మూరన్నర ఎడంగా బోదెలు, అంటే ఎత్తైన మట్టి గట్లు, తీసి, బోదె మీద జానెడుకొకటి చొప్పున, నాలుగు వేళ్ళ లోతున, మొలక పైకి ఉండేలా దుంపలు పెట్టడం పిల్లల పని. మొలక విరిగితే ఆయన ఏమీ అనేవారు కాదు, ఆ దుంపను తీసి రెండో కన్ను వైపు తిప్పి మళ్ళీ పెట్టేవారు. తొలి సంవత్సరాల్లో పెద్ద దుంపలను రెండు మూడు కళ్ళు ఉండేలా ముక్కలు కోసి, కోసిన వైపు పొయ్యి బూడిద అద్ది, నీడన ఆరబెట్టి నాటేవారు. 1977 తరువాత ఆ పద్ధతి మానేశారు.

ఆ ఏడాది నాటి వారం తిరగకుండానే నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. గుంటూరు జిల్లా తీరమూ ఆ దెబ్బ తిన్నది. ఇంట్లో పెద్దవాళ్ళకు రేపల్లె వైపు ఉన్న బంధువుల క్షేమం తప్ప మరో ధ్యాస లేదు, వాళ్ళ కబురు అందేదాకా పొయ్యి వెలిగించడం కూడా మొక్కుబడిగానే జరిగింది. మడి సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలా రోజుల తరువాత పెదనాన్న ఒక సాయంత్రం ఒంటరిగా వెళ్ళి బోదె తవ్వి చూస్తే కోసిన ముక్కలన్నీ కుళ్ళి నీరైపోయి ఉన్నాయి. కోయకుండా వరుస చివర పెట్టిన చిన్న దుంపలు కొన్ని మాత్రం బతికి మొలిచాయి. నవంబరులో బంగాళాఖాతం ఎప్పుడు పొంగుతుందో తెలియని మా ప్రాంతంలో, ఇంకా వేడి తగ్గని తడిమట్టిలో, కోత గాయం ఉన్న విత్తనం నిలవదని ఆయన ఆనాడే తేల్చుకున్నారు. మరుసటి ఏడు నుంచి నిమ్మకాయంత దుంపలనే ఏరి, కోయకుండా నాటడం, బోదెలు మరింత ఎత్తుగా పోసి నీరు వీధి కాలువలోకి జారేలా మడి మూలన గండి పెట్టడం మొదలైంది.

మొలకలు పైకి వచ్చాక ఇంకో సంగతి చూడవలసి ఉండేది. ఆయన పెరట్లో ఉష్ణమాపకం ఏదీ పెట్టలేదు. స్నానాల గదిలో గూట్లో ఉండే కొబ్బరినూనె సీసాయే ఆయనకు కొలమానం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. కార్తీకం నడిమికి ఒక తెల్లవారుజామున సీసా అడుగున తెల్లని పొగలాంటిది కనిపించేది, మరికొన్నాళ్ళకు సీసా మెడ దాకా గడ్డకట్టి, పెద్దమ్మ మా తలలకు నూనె రాయడానికి దాన్ని ఎండలో పెట్టవలసి వచ్చేది. ఉదయం లేవగానే ఆయన అడిగే మొదటి మాట, "అమ్మాయీ, నూనె పేరుకుందా?" అని. పేరుకుందని చెబితే ఆ వారంలోనే మట్టి ఎగదోసే పని పెట్టుకునేవారు.

మట్టి ఎగదోయడమే ఈ పంటకు ప్రాణం. దుంప వేరుకు కాయదు. భూమిలోపల కాండం నుంచి పక్కలకు తెల్లని రెమ్మలు సాగి, వాటి కొసలు ఉబ్బి దుంపలవుతాయి. ఈ మాట మాకు విడమరిచి చెప్పింది బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుంటున్న మా చిన్నబాబాయి. 1945లో మొదలైన ఆ కళాశాలలో మా జిల్లా పిల్లవాడు చదువుతున్నాడంటే ఆ రోజుల్లో ఇంటికంతా గొప్పగా ఉండేది. సెలవులకు వచ్చినప్పుడు ఆయన ఒక మొక్కను మట్టితో సహా పెళ్ళగించి, బకెట్టు నీళ్ళలో ముంచి కడిగి, ఏది వేరో ఏది రెమ్మో వేరు చేసి మాకు చూపించారు. దారంలాంటి తెల్లని రెమ్మ, దాని చివర కొక్కెంలా వంగిన మొన, ఆ మొన వెనుక శనగగింజ అంత ఉబ్బు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. ఒక మొక్క పోయిందని పెదనాన్న నొచ్చుకుంటారేమోనని మేము భయపడ్డాము గాని, మా అందరికన్నా ముందుకు వంగి చూసింది ఆయనే. ఆ రెమ్మలు చీకట్లో ఉన్నంతసేపే దుంపను ఇస్తాయి, వెలుతురు తగిలితే పైకి లేచి మామూలు కొమ్మలైపోతాయి. ఊరిన దుంపకు వెలుతురు తగిలినా పొట్టు పచ్చబడి, సొలనిన్ అనే విషపదార్థం చేరి చేదెక్కుతుంది. అలా పచ్చబడిన దుంపలను పెద్దమ్మ వంటింటి గడప దాటనిచ్చేది కాదు. అందువల్ల నాటిన 25, 30 రోజులకు మొక్క జానెడు ఎత్తు రాగానే రెండు వైపుల నుంచి మట్టి తీసి మొదట్లోకి ఎగదోసేవారు, పక్షం తరువాత మరోసారి. అప్పటికి కోతలై వరిగడ్డి దొరికేది గనుక బోదెల మీద పలచగా గడ్డి పరిచేవారు. పగటి ఎండకు మట్టి కాగకుండా ఆ గడ్డి కాపాడేది.

నీళ్ళు బావి నుంచి చేదతో తోడి, బోదెల మధ్య కాలువల్లో పోసేవాళ్ళం. వారానికొకసారి, కాలువ సగం నిండేలా పోస్తే చాలు. నీరు బోదె మీదికి ఎక్కకూడదు, మట్టి తనంతట తాను చెమ్మ పీల్చుకోవాలి. పేనుబంక పట్టిన ఆకులను పొద్దున్నే తుంచి దూరంగా పారేయడం తప్ప మందులేవీ కొట్టలేదు. ఉత్తరాదిని, కొండ ప్రాంతాలను వణికించే ఆకుమాడు తెగులు మా పొడి చలిలో ఎన్నడూ కనిపించలేదు, అంతవరకు మేము అదృష్టవంతులమే.

చల్లని దేశాల తోటపని పుస్తకాలు లేతదుంప తీయడానికి మొక్క పూత పట్టడమే గుర్తు అంటాయి. మా పగళ్ళు చలికాలంలో పొట్టివి. ఆ పొట్టి పగళ్ళు దుంప ఊరడానికి మేలు చేస్తాయి గాని, పూతను రానివ్వవు. మా మడిలో పూలు చూసిన జ్ఞాపకమే అరుదు. ఒక ఏడాది మాత్రం బాబాయి ఎవరి ద్వారానో తెప్పించిన కుఫ్రీ చంద్రముఖి విత్తనానికి రెండు మూడు మొక్కల మీద లేత ఊదారంగు పూలు విచ్చుకున్నాయి. సిమ్లా దగ్గర కుఫ్రీ అనే కొండ ఊరి పేరు పెట్టుకున్న ఆ రకాన్ని 1968లో విడుదల చేశారు, త్వరగా ఊరే దుంపగా దానికి పేరుంది. నేను ఇప్పుడు విజయవాడ పటమటలో మేడ మీద సంచుల్లో పెంచుతున్నది కుఫ్రీ సూర్య. 2006లో వచ్చిన ఈ రకం రాత్రులు 20 డిగ్రీలు దాటినా దుంప వేస్తుంది. ఇలాంటి విత్తనం పెదనాన్న చేతిలో పడి ఉంటే ఆయన ఎంత సంబరపడేవారోనని నాటేటప్పుడల్లా అనుకుంటాను.

పూత లేదు కనుక గుర్తు మట్టిలోనే వెతుక్కోవాలి. ధనుర్మాసం సగమయ్యాక, మొక్క మొదట్లో బోదె పక్కల సన్నని బీటలు కనిపించేవి. లోపల దుంప లావెక్కి మట్టిని తోస్తోందన్నమాట. అప్పుడు ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి తొలగించి, బీట దగ్గర రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, మొక్క కదలకుండా తడిమేవారు. ఒక సంవత్సరం ఆ పని నా చేత చేయించారు. పైపొర పొడిగా, వెచ్చగా ఉంది, ఒక అంగుళం దిగగానే చల్లదనం తగిలింది, ఆ చల్లదనంలో ముందు రాయి అనుకున్నది వేలితో నిమిరితే నున్నగా జారింది. "గిల్లకు, తిప్పు" అన్నారాయన. మెల్లగా తిప్పితే రెమ్మ నుంచి ఏమాత్రం చప్పుడు లేకుండా విడివడి అరచేతిలోకి వచ్చింది. కుళాయి కింద పట్టుకుని బొటనవేలితో రుద్దితే ఉల్లిపొర కన్నా పలచని పొట్టు ముడుచుకుని ఊడిపోయి, లోపలి తెలుపు పసుపు కలిసిన మెరుపు బయటపడింది. అలా మొక్కకొకటి రెండు దొంగిలించి, చెయ్యి పెట్టిన చోట మట్టి పూడ్చి, కాసిని నీళ్ళు చిలకరిస్తే మొక్క ఏమీ ఎరగనట్టు మిగిలిన దుంపలను ఊరబెట్టుకుంటూ పోయేది.

మడి మొత్తం తవ్వేది భోగి ముందురోజు. అంతకు పది రోజుల ముందే నీళ్ళు పోయడం ఆపేసేవారు, అయినా పొట్టు పూర్తిగా ముదిరేది కాదు, మాకు కావలసిందీ అదే. పార వాడనిచ్చేవారు కాదు. బోదెకు దూరంగా గునపం దింపి మట్టిని ఒక్కసారి పైకి లేపి వదిలేవారు, మిగతా పని అంతా చేతులతోనే. మొక్కకు ఐదారు దుంపలు, బాగా కుదిరిన చోట పది దాకా, నిమ్మకాయంతవి ఎక్కువగా, కోడిగుడ్డంతవి కొన్ని, గోళీకాయలంతవి దోసెడు. తొక్కిన మట్టిలో మిగిలిపోయిన చిన్నవాటిని ఏరడానికి పిల్లలందరం పోటీపడేవాళ్ళం. తవ్విన దుంపలను ఎండలో ఉంచకుండా వెంటనే తడిగోనె కప్పేవారు.

ఇరుగుపొరుగు ఇళ్ళకు అరిసెలతో పాటు ఆ సంక్రాంతికి ఒక్కో చాటలో కొత్త దుంపలు కూడా వెళ్ళేవి. ఇంట్లో వాటిని వండే తీరు గురించి పెద్దమ్మకు స్పష్టమైన అభిప్రాయాలు ఉండేవి. లేతదుంపలో పిండి తక్కువ, నీరు ఎక్కువ, తీపి కొంచెం ఎక్కువ. అందుకని నూనెలో వేయిస్తే కరకరలాడకముందే నల్లబడుతుంది, మెదిపి పూరీకూర చేస్తే పొడిపొడిగా విడకుండా జిగురుగా అంటుకుంటుంది. వేపుడుకూ పూరీకూరకూ బజారు దుంపే మంచిదని ఆమె నిర్మొహమాటంగా చెప్పేది. లేతవాటిని గోనెపట్టాలో వేసి, నీళ్ళు చల్లి, నాలుగు మూలలూ పట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తే పొట్టు చాలావరకు రాలిపోయేది, మిగిలిన పొట్టును ఆమె తీసేది కాదు. గిన్నెలో దుంపలు సగం మునిగేన్ని నీళ్ళు పోసి, ఉప్పు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద నీరు ఇగిరేదాకా ఉడికించేది. పక్క పొయ్యి మీద ఇనప మూకుట్లో నువ్వులనూనె కాగనిచ్చి, ఆవాలు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిరప, దండిగా కరివేపాకు వేసి, తిరగమోత ఘాటు వీధి గుమ్మం దాకా వెళ్ళాక దుంపలను గుండుగా అందులోకి జార్చేది. కలిపేది గరిటెతో కాదు, మూకుడు చెవులు రెండూ పట్టుకుని ఎగరవేసేది. చివర రోట్లో నూరిన వెల్లుల్లి కారం, అదీ మా గుంటూరు మిరపకాయల కారం, చల్లి దింపేసేది. పంటి కింద పొట్టు చిన్నగా తెగి, లోపలి గుజ్జు మెత్తగా ఉన్నా చెదరకుండా నిలిచి, కారం వెనకాల ఒక సన్నని తీపి తెలిసేది. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలో ఆ కూర నంజుకుని తిన్నవాళ్ళకు బజారు దుంపకూ దీనికీ పోలిక చెప్పవలసిన పని ఉండదు. వండిన పూట తినవలసిందే, రాత్రికి ఉంచితే ఆ రుచి ఉండదు. పచ్చి దుంపలయినా అంతే, నాలుగైదు రోజులకే వాడిపోయి ముడతలు పడతాయి. అందుకే దాచుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

కనుమ వెళ్ళాక మడి ఖాళీగా కనిపించేది, పెదనాన్న దాన్ని ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచేవారు కాదు. వాడిన ఆకులు, కాడలు ఏరి బయట పారబోసేవారు, వాటిని ఆకు ఎరువు గుంటలో వేయనిచ్చేవారు కాదు. రథసప్తమి నాటికి అక్కడ దోసపాదులో, బెండగింజలో పడేవి. ఆ మడిలో వంగ, టమాటా, మిరప పెడతానని అమ్మ ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. అవన్నీ బంగాళాదుంప చుట్టాలే, ఒకే కుటుంబానివి, ఒకదాని తెగులు మట్టిలో కాచుకుని ఉండి ఇంకొకదానికి అంటుకుంటుంది. కనీసం రెండేళ్ళు ఎడం ఇవ్వందే ఆ కుటుంబం మొక్క ఏదీ మళ్ళీ అక్కడ నాటకూడదనేవారు. అలాగని దుంపల మడిని రెండేళ్ళు మానుకోవడం ఆయన వల్ల కాలేదు. బావికి అవతల, జామచెట్టు నీడ పడని చోట రెండో మడి ఒకటి, ఆ తరువాత వంటింటి గోడ పక్కన మూడోది తయారయ్యాయి. వాటికి ఇసుక సరిపోక, ఆ వేసవిలో ఇంట్లో మరమ్మతులేవీ లేకపోయినా, సీతానగరం రేవు నుంచి ఒక బండి ఇసుక తోలించారు.